పైనుంచి వచ్చే మాట

పియానోలు మోసే పనిలో కింద పట్టేవాడికి ఏమీ కనిపించదు. మెట్లెక్కేటప్పుడు వాడి ముక్కుకి ఎదురుగా దుప్పట్లు చుట్టిన పెద్ద చెక్కగోడ ఒకటుంటుంది, అంతే. ఇంకా ఎన్ని మెట్లున్నాయో, గోడ ఎంత దగ్గరికొచ్చిందో, గుమ్మం ఎటుందో వాడికి తెలియదు. బరువేమో వాడి మీద ఉంటుంది, చూపేమో పైనవాడి దగ్గర ఉంటుంది. అందుకని పైనవాడు మాట చెబుతాడు, కిందవాడు ఆ మాట మీద అడుగు వేస్తాడు. "మెట్టు" అంటే కాలెత్తాలి. "ఆగు" అంటే ఊపిరితో సహా ఆగాలి. "మలుపు" అంటే తిరగాలి. మెట్లు అయిపోయి చదునైన చోటు వస్తే "నేల". ఈ కాసిని మాటలతోనే ఆ బావా బావమరుదులు ఊళ్ళో సగం పియానోలు ఇల్లు మార్చారు.

ఆ జంటలో కింద పట్టేది ఎప్పుడూ బావే. పనివాళ్ళు ఆయన్ని పెద్దాయనా అని పిలిచేవారు. పని మొదలుపెట్టింది ఆయన, నేర్పింది ఆయన, వ్యాను కొన్నది ఆయన. మీరు పైన నిలబడి చెప్పొచ్చు కదండీ, కిందికి వయసులో ఉన్నవాళ్ళని పెట్టండి అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేవాడు. ఆయన భార్య మాత్రం ఊరుకునేది కాదు. "మా ఇంట్లోనూ అంతేనండీ. మాట నాది, మోత ఆయనది" అనేది.

బావమరిదిని ఈ పనిలోకి తెచ్చింది కూడా ఆవిడే. తమ్ముడు ఒకచోట కుదురుగా నిలిచిన పాపాన పోలేదు. దుకాణంలో పెడితే యజమానితో గొడవ. ఫ్యాక్టరీలో పెడితే పొద్దున్నే లేవలేడు. వాణ్ణి కాస్త మీ పక్కన పెట్టుకోండి, మీ పక్కనుంటే మనిషవుతాడు అని ఆవిడ బతిమాలితే, పెద్దాయన పక్కన పెట్టుకోలేదు, ఏకంగా పైన పెట్టుకున్నాడు. వాడి గొంతు మంచిది. గట్టిగా, స్పష్టంగా, తొందర లేకుండా ఉంటుంది. బరువు కింద ఉన్నవాడికి అలాంటి గొంతు వినిపిస్తే సగం మోత తగ్గినట్టు ఉంటుంది.

ఆవిడ పాత బొంతని కత్తిరించి ఇద్దరికీ రెండు మెత్తలు కుట్టింది, మోత బెల్టు భుజాన్ని కోయకుండా. నీలం రంగుది మొగుడికి, ఇటుక రంగుది తమ్ముడికి. మెత్తలు చెమటకి రంగు వెలిశాయి గానీ కుట్టు ఎక్కడా ఊడలేదు. ఆవిడ పోయాక కూడా.

ఆవిడ పోయిన కొత్తల్లో బావమరిది ఇంటికొచ్చి ఫోను తీసుకెళ్ళాడు. ఒక్కడివే కూర్చుని పని కోసం ఫోను చేసేవాళ్ళందరికీ ఏం జవాబు చెబుతావు బావా, ఆ గోల నేను చూసుకుంటా, నువ్వు పనికి మాత్రం రా అన్నాడు. ఖాళీ ఇంట్లో ఫోను మోగినప్పుడల్లా ఆవిడ లేచి వెళ్ళి ఎత్తుతుందేమోనని అటు చూడటం పెద్దాయనకి అలవాటుగా ఉండేది. ఫోను పోయాక ఆ చూడటం పోయింది. ఎంత మంచి ఆలోచన వచ్చింది వీడికి అనుకున్నాడు. మొన్నామధ్య బావమరిదే వ్యానుకి కొత్త తెల్లరంగు వేయించి, పక్కన ఉండే కంపెనీ పేరు చెరిపేశాడు. పేరు ఎప్పుడు రాయిస్తావురా అంటే, పెయింటరు ఇవాళా రేపూ అంటున్నాడు బావా అన్నాడు. పెద్దాయన అదీ నమ్మాడు. నమ్మకపోవడానికి ఆయనకి ఏ కారణమూ లేదు. ఇన్నేళ్ళుగా వాడు మెట్టు అంటే మెట్టే కదా.

ఆ రోజు పని ఒక పియానో టీచరమ్మది. ఆవిడ మకాం ఇంకో పేటకి మారుస్తోంది. ఇదివరకోసారి మామూలు సామాన్లు మోసేవాళ్ళని పిలిస్తే, వాళ్ళు బీరువాని జరిపినట్టు పియానోని దాని చిన్న చక్రాల మీదే గదంతా ఈడ్చారట. చక్రం ఊడి, కాలు బీటలిచ్చి, లోపల ఏదో కదిలి, ఆర్నెల్లు రిపేరు. అప్పట్నుంచి ఆవిడకి పియానో అంటే పసిబిడ్డ, మోసేవాళ్ళంటే అనుమానం. ఫోన్‌లో గంటసేపు ప్రశ్నలు వేసి గానీ ఒప్పుకోలేదని బావమరిది వ్యానులో చెప్పి నవ్వాడు. పెళ్ళికొడుకుని కూడా ఇంతలా ఆరా తీయరు బావా అన్నాడు.

పాత ఇంటి దగ్గర టీచరమ్మ లేదు. వాళ్ళ చెల్లెలు తాళాలు తీసి నిలబడింది. పియానో మూత తీసి ఒక్కసారి చూపించి, అక్కయ్య ఇది చెప్పమంది, అది చెప్పమంది అని అప్పచెప్పింది. పెద్దాయన అన్నీ ఓపికగా విన్నాడు. మీటల మీది మూతకి తాళం వేసి తాళంచెవి చెల్లెలి చేతికిచ్చాడు. నాలుగువైపులా మందపాటి దుప్పట్లు కప్పి, మూలలకి ఇంకో మడత పెట్టి, బెల్టులు బిగించాడు. ఆయనా, పొడుగోడూ చెరోవైపు ఎత్తితే బావమరిది కిందకి చెక్కపలక తోశాడు. పొడుగోడంటే ఆరేళ్ళుగా ఆయనతో కింద పట్టే మనిషి. ఏ గుమ్మమైనా వంగి దాటాల్సిందే. పైన బావమరిదికి తోడుగా డ్రైవరు లాగుతాడు. వ్యానులోకి ఎక్కించి గోడకి కట్టేసరికి చెల్లెలు స్థిమితపడి, "మా అక్కయ్య వీటికి కూడా ఏదో వంక పెడుతుంది చూడండి" అంది. పెట్టనివ్వమ్మా, ప్రాణంగా చూసుకునేవాళ్ళు వంక పెట్టకపోతే ఇంకెవరు పెడతారు అన్నాడు పెద్దాయన.

కొత్త ఇల్లు రెండో అంతస్తులో. లిఫ్టు ఉంది గానీ అందులో ముగ్గురు ఎక్కితే నాలుగోవాడు పొట్ట లోపలికి పీల్చుకోవాలి. మెట్లే గతి. పెద్దాయన ముందుగా ఒకసారి ఎక్కి దిగి చూసొచ్చాడు. సన్నటి మెట్లు. ఒక్కో అంతస్తుకీ మధ్యలో మలుపు దగ్గర చదునుగా కాస్త చోటు, అక్కడ ఒక కిటికీ. కిటికీ తెరిచే ఉంది. ఎవరు తెరిచారో గానీ వాళ్ళు చల్లగా ఉండాలి అనుకున్నాడు.

నీలం మెత్త భుజాన వేసుకుని, బెల్టు బిగించుకుని, గోడవైపు పట్టాడు. పొడుగోడు మెట్ల పక్కన చేతిపట్టా కమ్మీ ఉన్నవైపు పట్టాడు. పైనుంచి గొంతు వచ్చింది.

"మెట్టు."

మొదటి అంతస్తు దాటారు. మధ్య మలుపు దాకా వచ్చారు. పొడుగోడు దారి పొడుగునా ఏదో ఒక హాస్యం ఆడే మనిషి. ఈ పియానోలో వాళ్ళ పాత ఇంటివాళ్ళని కూడా సర్దినట్టున్నారు పెద్దాయనా, ఇంత బరువేంటి అనాలి. ఆ రోజు ఎందుకో ఏమీ అనలేదు. మలుపు దగ్గర "నేల" అన్న మాట వచ్చింది, నేల వచ్చింది. పియానోని చదును మీద నిలబెట్టి అందరూ ఊపిరి తీసుకున్నారు. పియానో ఆ కాస్త చోటూ నింపేసింది. అటువైపు పై మెట్ల మొదట్లో బావమరిదీ డ్రైవరూ, ఇటువైపు కింది మెట్ల మీద పెద్దాయనా పొడుగోడూ. ఒకరి మొహం ఒకరికి కనపడదు. పెద్దాయన మెట్టు మీద చతికిలబడి కిటికీ గాలికి మొహం పెట్టాడు.

అప్పుడు పైనుంచి చెప్పుల చప్పుడు దిగివచ్చింది. టీచరమ్మ. ఎవరికైనా దెబ్బ తగిలిందా, పియానోకి తగిలిందా అని అదే వరసలో అడిగింది. ఎవరికీ లేదండీ, దేనికీ లేదండీ అన్నాడు బావమరిది. ఆవిడ కాసేపు ఆగి, గొంతు తగ్గించింది. తగ్గించినా మెట్లున్న చోట మాట దాగదు.

"ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. మీ పాత కంపెనీలో ఒక పెద్దాయనకి చెయ్యి వణుకుతుందని, డాక్టరు గారింట్లో పియానో ఆయన చేతిలోంచే జారిందని చెప్పారు కదా. ఇప్పుడు మీ సొంత కంపెనీలో ఆయన లేరన్నారనే నేను ఒప్పుకున్నాను. ఆయన్ని తీసుకురాలేదు కదా?"

పియానోకి అటువైపు నీళ్ళ సీసా మూత తిరిగిన చప్పుడు.

"లేదండీ" అన్నాడు బావమరిది. "కిందున్నవాళ్ళు గట్టివాళ్ళే. మీరేం కంగారు పడకండి."

అదే గొంతు. గట్టిగా, స్పష్టంగా, తొందర లేకుండా.

హమ్మయ్య, గుమ్మం దగ్గర కుర్చీలు తీసేస్తాను అంటూ టీచరమ్మ పైకి వెళ్ళిపోయింది. పెద్దాయన కదల్లేదు. కిటికీ గాలి అలాగే వీస్తోంది. మొదట ఆయనకి ఆ చెయ్యి వణికే మనిషి ఎవరో తెలియలేదు. పాపం ఎవరో అనుకున్నాడు. తర్వాత డాక్టరు గారిల్లు అన్న మాట చెవిలోంచి లోపలికి దిగింది.

డాక్టరు గారింటి సంగతి ఏడాది కిందటిది. అక్కడా మెట్లే. అన్నీ ఎక్కేశారు, చివర్లో ఒక్క మెట్టు మిగిలి ఉంది. పైన బావమరిది ఆ ఇంటివాళ్ళతో ఏదో మాట్లాడుతూ "నేల" అన్నాడు. కిందున్న ఇద్దరూ చదును వచ్చిందనుకుని ముందుకి తోశారు. పియానో కింది పలక అంచు మెట్టుకి కొట్టుకుంది, పియానో ఒరిగింది, మూల గోడకి తగిలి ముందరి కాలు విరిగింది. పెద్దాయన భుజం అడ్డం పెట్టాడు కాబట్టి పొడుగోడికి కాళ్ళు మిగిలాయి. డాక్టరు గారు పరిగెత్తుకొచ్చి ఎవరి తప్పు ఇది అని కేకలేశారు. పైన బావమరిది మొహంలో నెత్తురుచుక్క లేదు. చేతులు రెండూ ఛాతీకి అదుముకుని చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు.

ఈ పనిలో ఒకటుంది. పట్టు తప్పినవాణ్ణి నాలుగు రోజులు ఇంట్లో కూర్చోబెట్టి మళ్ళీ పిలుస్తారు. తప్పు మాట చెప్పినవాడి కింద మాత్రం ఇంకెవడూ భుజం పెట్టడు. ఇంటి దగ్గర ఆవిడ మంచంలో ఉంది. ఏ పూటకాపూట తమ్ముడు తిన్నాడా అని అడుగుతూనే ఉంది. పెద్దాయన రెండోసారి ఆలోచించలేదు.

"నాదేనండీ తప్పు" అన్నాడు. "చెయ్యి వణికింది."

ఆ సాయంత్రం ఇంట్లో కూడా అదే చెప్పాడు. ఆవిడ ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. "వణకట్లేదే" అంది. ఇంకేమీ అడగలేదు. చెయ్యి వదల్లేదు.

తను నోటితో పుట్టించిన ఆ అబద్ధం ఏడాది పాటు ఎక్కడెక్కడో తిరిగి, పెద్దదై, ఇవాళ ఈ మెట్ల మీద తననే వెతుక్కుంటూ వచ్చింది. మోయించుకుంటూనే మోయలేడని చెబుతున్నాడు వీడు. ఎన్ని ఇళ్ళకి చెప్పాడో. ఫోను ఎందుకు తీసుకెళ్ళాడో, వ్యాను ఎందుకు తెల్లగా మిగిలిందో ఆయనకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. అన్నీ వాటంతటవే వచ్చి వరసలో నిలబడ్డాయి.

పొడుగోడి వైపు చూశాడు. పొడుగోడు బూటు లేసు విప్పి మళ్ళీ కడుతున్నాడు.

"నీకు తెలుసా?" అన్నాడు మెల్లగా.

"వచ్చే నెల్నించి తన సొంత కంపెనీ అన్నాడు పెద్దాయనా." తల ఎత్తలేదు. "నువ్వే మానేస్తానన్నావని చెప్పాడు. నేను అడుగుదామనే అనుకున్నా. ఇంట్లో పిల్లలు... అడగలేదు."

పెద్దాయన అతని భుజం తట్టాడు. ఎందుకు తట్టాడో ఆయనకే తెలియదు. బహుశా ఆ భుజం ఇన్నేళ్ళూ తన భుజం పక్కనే ఉంది కాబట్టి. లేచి, పొట్ట గోడకి ఆనించి, పియానోకీ గోడకీ మధ్య సందులోంచి పక్కవాటుగా దూరి అటువైపు వెళ్ళాడు.

బావమరిది ఆయన్ని చూసి చటుక్కున లేచాడు. చేతిలో నీళ్ళ సీసా ఉంది. తాగు బావా అని ముందుకు చాచాడు. పెద్దాయన దాన్ని తీసుకోలేదు.

"కిందకి రా. పైన నేనుంటా."

"ఎందుకు బావా? నువ్వెప్పుడూ కిందే కదా."

"నాకు చెయ్యి వణుకుతోందటగా. కింద ఎలా ఉండమంటావు?"

డ్రైవరు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. బావమరిది ఏదో అనబోయి, పై మెట్ల వైపు చూసి, గొంతు దించాడు. బావా అది వ్యాపారం కోసం ఏదో అన్నమాట, నీకు ఇంటి దగ్గర అంతా వివరంగా చెబుదామనే అనుకుంటున్నా, ఇప్పుడు మెట్ల మధ్యలో ఇవన్నీ వద్దు అన్నాడు. పెద్దాయన విన్నాడు. విని, సందు వైపు వేలు చూపించాడు.

బావమరిది ఈ పనిలోకి వచ్చాక కింద పట్టిన సందర్భం ఒక్కటీ లేదు. ఇటుక రంగు మెత్త భుజాన సర్దుకుని సందులోంచి దూరి వెళ్ళాడు. పియానో అవతల పొడుగోడు ఎక్కడ పట్టాలో, నడుం ఎలా ఉంచాలో గొణుగుతూ చెప్పడం వినిపించింది. తర్వాత అదీ ఆగింది.

పెద్దాయన పై బెల్టు చేతికి చుట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో పైనుంచి చూడటం ఆయనకి ఇదే మొదలు. ఎంత కనిపిస్తోంది ఇక్కణ్ణుంచి. ప్రతి మెట్టు అంచూ, గోడ మీద ఎవరి పిల్లలో గీసిన గీతలూ, పైన తెరిచి ఉన్న గుమ్మం, గుమ్మంలోంచి పడిన వెలుతురూ. ఇంత కనిపిస్తుంటే తప్పు చెప్పడం ఎలా కుదురుతుంది మనిషికి అనిపించింది. కింద మాత్రం దుప్పటి అంచున పట్టిన నాలుగు వేళ్ళు, ఒక బొటనవేలు కనిపిస్తున్నాయి. బొటనవేలు వెడల్పుగా, పొట్టిగా, అచ్చం వాళ్ళక్కది దించినట్టుంది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

"మెట్టు" అన్నాడు.

కింద ఊపిరి బిగిసింది. బరువు కదిలింది.

"మెట్టు... మెట్టు... ఆగు. గోడ దగ్గరికొచ్చింది, చేతిపట్టావైపు జరుగు. చాలు. మెట్టు."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. కాస్త బొంగురుగా ఉంది గానీ ఆగి ఆగి చెబుతోంది. కిందనుంచి బావమరిది ఆయాసం పైకి వస్తోంది. ఒకచోట కాలు తడబడింది. "బావా" అన్నాడు. పిలుపు కాదు, అడగడమూ కాదు. బరువు కింద ఉన్నవాడి నోట్లోంచి దానంతటది వచ్చే మాట. ఉన్నాను, పట్టు వదలకు అన్నాడు పెద్దాయన.

ఆఖరి మెట్టు మిగిలింది.

అక్కడ ఆయన నోట్లోకి ఒక మాట వచ్చి కూర్చుంది. చిన్న మాట. రెండక్షరాలు. ఆ మాట ఇప్పుడే అనేస్తే కిందవాడు నమ్ముతాడు. నమ్మక చేసేదేముంది, వాడికి కనిపించదు కదా. డాక్టరు గారింట్లో తను ఎలా నమ్మాడో అలాగే నమ్మి ముందుకి తోస్తాడు. తర్వాత ఏమవుతుందో పెద్దాయన భుజానికి తెలుసు. అప్పుడు తెలుస్తుంది వీడికి అనుకున్నాడు. ఆ అనుకోవడం తియ్యగా ఉంది. దాన్ని ఆయన ఒక్క ఊపిరి సేపు నోట్లో ఉంచుకున్నాడు. గుమ్మంలో టీచరమ్మ రెండు చేతులూ పెనవేసుకుని నిలబడి ఉంది. కింద ఇంకోవైపు పొడుగోడున్నాడు. వీళ్ళ సంగతి అలా ఉంచినా, పనీ, పేరూ అన్నీ చేజారిపోయాక తన దగ్గర మిగిలింది ఈ మాట ఒక్కటే. దాన్ని కూడా వీడి కోసం పాడుచేసుకోవాలా?

"ఇంకో మెట్టుంది" అన్నాడు. "చూసుకుని ఎత్తు."

ఎత్తారు.

"నేల."

నేలే.

పియానోని గదిలోకి తోసి, కిటికీకి దూరంగా, ఎండ పడని లోపలి గోడ పక్కన పెట్టారు. దుప్పట్లు విప్పితే గీత కూడా లేదు. టీచరమ్మ చుట్టూ తిరిగి, వంగి చూసి, చేత్తో తడిమి, అప్పుడు నవ్వింది. కొన్నాళ్ళు ఈ గది గాలికి అలవాటు పడనిచ్చి తర్వాత శ్రుతి చేయించుకోమ్మా, అప్పటిదాకా అది కాస్త అటూ ఇటూగా పలికినా తిట్టుకోకు అని పెద్దాయన చెప్పాడు. ఆవిడ అంతసేపూ మెట్ల దగ్గర ఆయన గొంతే విన్నది.

"మీరు మాట చెబుతుంటే నాకే ధైర్యంగా ఉందండీ. ఈ కంపెనీలో కొత్తగా చేరారా?"

బావమరిది దుప్పట్లు మడత పెడుతున్నవాడు అలాగే ఆగిపోయాడు. మొహమంతా చెమట, భుజం ఒకవైపుకి ఒరిగి ఉంది.

"ఆ చెయ్యి వణికే మనిషిని నేనేనమ్మా" అన్నాడు పెద్దాయన.

ఆవిడ కళ్ళు తనకి తెలియకుండానే ఆయన చేతుల మీదకి వెళ్ళాయి. ఆయన వాటిని దాచుకోలేదు, చాచి చూపించనూ లేదు. బెల్టు పట్టుకుని ఎలా ఉన్నాయో అలాగే ఉంచాడు.

"డాక్టరు గారింట్లో ఏం జరిగిందో వీడికి తెలుసు. వీడు మా ఆవిడ తమ్ముడు. ఆ రోజు పైన ఉన్నది వీడే." బావమరిది వైపు తిరిగాడు. "చెప్పరా."

కోపంగా అనలేదు. మెట్ల కింద నిలబడి పైనుంచి మాట కోసం ఎలా ఎదురుచూసేవాడో అలాగే నిలబడ్డాడు. ఇప్పుడే వీణ్ణి తన మాట మీద పైకి ఎక్కించాడు. బదులుగా ఒక్క మాట చాలు. డాక్టరు గారింట్లో నేనే తప్పు చెప్పానండీ అంటే చాలు. ఆ తర్వాత వాడు ఏ కంపెనీ పెట్టుకున్నా, వ్యాను మీద ఏ పేరు రాయించుకున్నా ఆయన ఏమీ అనడు. నిజంగా అనడు. తన సంగతి తనకి తెలుసు.

డ్రైవరు, పొడుగోడు గుమ్మం దగ్గర ఆగిపోయారు. గదిలో కొత్త సున్నం వాసన వేస్తోంది. బావమరిది ఒకసారి టీచరమ్మని చూశాడు, ఒకసారి పియానోని చూశాడు. పెదవులు తడుపుకున్నాడు.

"అదంతా ఇప్పుడెందుకు బావా" అన్నాడు. "పని బాగానే అయిపోయిందిగా."

పెద్దాయన ఇంకా కాసేపు నిలబడ్డాడు. ఇంకో మాట వస్తుందేమోనని. రాలేదు.

టీచరమ్మ మొహం ఎర్రబడింది. లోపలికి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, అందరికంటే ముందు ఆయనకిచ్చింది. రెండు చేతులతో ఇచ్చింది. ఆయన కూర్చుంటే బాగుండునని ఒక కుర్చీ కూడా వెనక నుంచి జరిపింది. ఆయన కూర్చోలేదు గానీ, ఆ కుర్చీ కాళ్ళు నేల మీద చేసిన చప్పుడు ఆయనకి మంచిగా అనిపించింది. నీళ్ళు తాగి, చల్లగా ఉండమ్మా అని చెప్పి మెట్లు దిగాడు.

కింద వ్యాను ఎండలో తెల్లగా మెరుస్తోంది. పెద్దాయన ముందు సీటు కిందనుంచి తన సంచి తీసుకున్నాడు. చేతి తొడుగులు, నీలం మెత్త అందులో పెట్టుకున్నాడు. మోత బెల్టు వ్యానులోనే వదిలేశాడు. అది పనిది. బావమరిది వెనకాలే వచ్చాడు. ఎక్కు బావా ఇంటి దగ్గర దింపుతా, ఎండలో ఎక్కడికి వెళతావు, రాత్రికి వచ్చి అన్నీ మాట్లాడతా అన్నాడు. ఆ గొంతులో నిజంగా బాధ ఉంది. అదే పెద్దాయనకి భరించరానిదిగా ఉంది. వాడికి బాధ లేకపోతే ఇంత కష్టంగా ఉండేది కాదు.

"ఆ మెత్త ఇటివ్వు" అన్నాడు.

బావమరిది చెయ్యి భుజం మీదకి వెళ్ళింది. "ఇదా? ఇది మా అక్క కుట్టింది బావా."

"అందుకే అడుగుతున్నా."

వాడు ఇవ్వలేదు కాసేపు. వ్యానుకి ఆనుకుని, ఆ మెత్త మీద అరచెయ్యి పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. డాక్టరు గారింట్లో నిలబడ్డట్టే నిలబడ్డాడు. అప్పుడైతే పెద్దాయన వాడికి అడ్డం వెళ్ళాడు. ఇప్పుడు వెళ్ళలేదు, చెయ్యి చాచి ఉంచాడు. చివరికి బావమరిది దాన్ని తీసి, దుమ్ము దులిపి, మడతపెట్టి ఇచ్చాడు. చెమటకి తడిసి వెచ్చగా ఉంది.

పొడుగోడు రెండడుగులు వెంట వచ్చి, బస్టాపు ఎటో చెప్పి ఆగాడు. ఇంకేదో చెప్పాలని నోరు తెరిచాడు. పోనీలే అన్నట్టు తలూపి పెద్దాయన నడిచాడు.

బస్టాపులో ఇనప బల్ల ఎండకి కాలిపోతోంది. ఇటుక రంగు మెత్త ఒకవైపు పరిచి, నీలం మెత్త మీద తను కూర్చున్నాడు. సంచి ఒళ్ళో పెట్టుకున్నాక చూశాడు. కుడిచెయ్యి వణుకుతోంది. సన్నగా, వేళ్ళ చివర్ల దగ్గర. ఏడాది కింద అబద్ధంగా చెప్పిన వణుకు ఇవాళ తీరుబడిగా వచ్చింది. ఆయన దాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాడు. ఆ రోజు ఆవిడ పట్టుకున్నట్టు ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. ఇప్పుడు ఏమనేదో ఆవిడ. వాణ్ణి పక్కన పెట్టుకోమన్నానే గానీ నెత్తిన పెట్టుకోమన్నానా అనేది కాబోలు. తమ్ముడు కాబట్టి ఆ తర్వాత ఏడ్చేది.

కూరగాయల సంచులు రెండు మోసుకుంటూ ఒక పెద్దావిడ వచ్చి బల్ల దగ్గర ఆగింది. పరిచి ఉన్న మెత్త చూసి, "ఇక్కడెవరైనా ఉన్నారా బాబూ?" అంది.

"లేరమ్మా" అన్నాడు. మెత్త తీయబోయి, బల్ల వేడి గుర్తొచ్చి ఆగాడు. "దాని మీదే కూర్చోండి. బల్ల కాలుతోంది."

ఆవిడ సంచులు కిందపెట్టి, ఉస్సురంటూ కూర్చుంది. మెత్తని చేత్తో ఒత్తి చూసింది. ఎవరు కుట్టారో గానీ కుట్టు బాగా గట్టిగా ఉంది అంది. అవునమ్మా అన్నాడు ఆయన. బస్సు వచ్చేదాకా ఆవిడ ఉల్లిపాయల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుతూనే ఉంది. ఆయన వింటూ, చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.